గోల్ఫ్ స్వింగ్‌లో ఫాలో త్రూ, ఫినిష్: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

బంతిని కొట్టాక క్లబ్, శరీరం ముందుకు తిరుగుతూ పోవడమే ఫాలో త్రూ, చివరికి ఆగిన భంగిమే ఫినిష్. క్లబ్ బంతిని తాకి ఉండే సమయం సెకనులో దాదాపు రెండు వేలవ వంతు. దెబ్బ తగిలిన సంగతి చేతులకు తెలిసేసరికే బంతి వెళ్లిపోయి ఉంటుంది. ఆ తర్వాత క్లబ్‌ను భుజం వెనక్కి తెచ్చినా, గాల్లో గిరగిరా తిప్పినా, విసుగుతో కింద పడేసినా బంతికి ఏమీ కాదు. మరి ఫినిష్ గురించి కోచ్‌లు అంతలా ఎందుకు పట్టుబడతారు? శరీరం ఎక్కడ ఆగాలో ముందే లెక్క వేసుకుంటుంది కాబట్టి. నడుము ఎత్తులో ఆగిపోవడం అలవాటైన చేతులు బంతి దగ్గరికి రాకముందే బ్రేక్ వేయడం మొదలుపెడతాయి. చివరిదాకా తిరగాలనుకున్న శరీరం అదే వేగంతో బంతిని దాటుకుంటూ పోతుంది. అందువల్ల ఫినిష్ ఎలా ఉండాలో ఎంచుకున్నామంటే, ఇంపాక్ట్‌కు, అంటే క్లబ్ బంతికి తగిలే క్షణానికి, ముందు ఏం జరగాలో ఎంచుకున్నట్టే.

ఇక్కడ తేల్చుకోవాల్సినవి రెండు. ఒకటి, ఎలాంటి ఫినిష్ కావాలి. రెండోది, దాన్ని ఏ డ్రిల్‌తో, అంటే పదే పదే చేసే ఏ సాధనతో, సాధించాలి. చాలామంది ఈ రెంటినీ కలిపేసి, టీవీలో చూసిన ప్రో ఆటగాడి భంగిమను పట్టుకుని అద్దం ముందు నిలబడతారు. ఫినిష్ రూపాన్ని మీ ఒంటిని బట్టి ఎంచుకోవాలి, డ్రిల్‌ను మీ తప్పును బట్టి ఎంచుకోవాలి. కింద చెప్పేదంతా కుడిచేతి ఆటగాళ్లకు. ఎడమచేతి వాళ్లు కుడి ఎడమలు మార్చుకుని చదువుకోండి.

నిటారు ఫినిష్, వెనక్కి వంగిన ఫినిష్

1970ల ఆటగాళ్ల ఫొటోలు చూస్తే చాలామంది స్వింగ్ చివర్లో విల్లులా వంగి కనిపిస్తారు. తుంటి టార్గెట్ వైపు దూసుకుపోయి ఉంటుంది, తల, భుజాలు వెనకే ఉండిపోతాయి. దీన్ని రివర్స్ సీ అంటారు. జాక్ నిక్లాస్, జానీ మిల్లర్ ఆ కాలానికి పెద్ద ఉదాహరణలు. 1973 యూఎస్ ఓపెన్ చివరి రౌండ్‌లో ఓక్‌మాంట్ కోర్సులో 63 దెబ్బల్లోనే రౌండ్ ముగించిన మిల్లర్‌ను చూశాక ఆ స్వింగ్ తప్పని ఎవరనగలరు? కాళ్లతో ముందుకు తోస్తూ తలను బంతి వెనకే ఉంచితే పొడవైన ఐరన్‌తో (లోహపు పలుచని తల ఉన్న క్లబ్‌తో) కూడా బంతి బాగా పైకి లేస్తుంది. అప్పటి క్లబ్‌లకు అది పనికొచ్చింది.

కానీ దాని భారమంతా నడుము మీద పడుతుంది. వెన్ను కింది భాగం ఒకేసారి వెనక్కి వంగుతుంది, పక్కకి వంగుతుంది, పైగా వేగంగా మెలి తిరుగుతుంది. రోజూ వ్యాయామం చేసే పాతికేళ్ల ఆటగాడు కొన్నేళ్లు తట్టుకోవచ్చు. వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం పొద్దున ప్రాక్టీస్ రేంజ్‌కి వెళ్లి ఒక బకెట్ బంతులు కొట్టే మనిషికి అది అక్కర్లేని కష్టం.

ఇప్పుడు ఎక్కువగా నేర్పేది నిటారు ఫినిష్. స్వింగ్ అయ్యేసరికి తల, ఛాతీ, తుంటి, ఎడమ పాదం దాదాపు ఒకదాని మీద ఒకటి నిలబడినట్టు ఉంటాయి. బెల్ట్ బకిల్ టార్గెట్ వైపు, లేదా ఇంకాస్త ఎడమకు చూస్తుంది. బరువంతా దాదాపుగా ఎడమ కాలి మీదే. కుడి కాలు బొటనవేలి మీద ఆని ఉంటుంది, వెనక నిలబడి చూసేవాళ్లకు బూటు అడుగు మొత్తం కనిపిస్తుంది. పరీక్ష చాలా తేలిక: కుడి కాలిని నేల నుంచి ఎత్తితే తూలకుండా నిలబడగలగాలి.

ఈ రెంటిలో ఏది అని అడిగితే నేను తటపటాయించను. నిటారు ఫినిష్. రివర్స్ సీ ఎవరైనా కావాలని నేర్చుకోవాల్సినది కాదు, ఉంటే మెల్లగా వదిలించుకోవాల్సినది. దూరం తగ్గుతుందేమోనని భయం అక్కర్లేదు. తల వెనకే ఉండిపోవాలని పట్టుబట్టేవాళ్లలో చాలామంది ఛాతీ తిప్పడం ఆపేసి, ఉన్న వేగాన్నే పోగొట్టుకుంటున్నారు. బంతి వెళ్లాక కళ్లతో పాటు తలను కూడా లేవనివ్వండి. ‘తల దించి ఉంచు’ అన్న సలహా ఇంపాక్ట్ దాకానే, ఆ తర్వాత కూడా పాటిస్తే మెడకు, నడుముకు చేటు.

నిటారు ఫినిష్‌లోనూ ఎడమ మోకాలి సంగతి చూసుకోవాలి. తిరిగే శరీరమంతా ఆ కాలి మీదే ఆగుతుంది. టైగర్ వుడ్స్ ఎడమ మోకాలి కథ తెలిసిందే. 2008 యూఎస్ ఓపెన్‌ను దెబ్బతిన్న ఆ కాలితోనే గెలిచి, ఆ వెంటనే సర్జరీకి వెళ్లాడు. మీకు మోకాలి నొప్పి ఉంటే నిలబడేటప్పుడే ఎడమ పాదాన్ని ఇరవై ముప్పై డిగ్రీలు టార్గెట్ వైపు తిప్పి పెట్టుకోండి. ఆ చిన్న మార్పుతో తుంటి సులువుగా తిరుగుతుంది, మోకాలి మీద మెలి తగ్గుతుంది. అయినా లాగుతుంటే స్వింగ్ చివర్లో ఎడమ పాదాన్ని నేల మీద తిరగనివ్వండి. పాదం కదలకూడదన్న నియమం ఏదీ లేదు. స్కాటీ షెఫ్లర్ పాదాలు ఇంపాక్ట్ దగ్గర ఎలా జారతాయో చూసినవాళ్లకు తెలుసు, అలా జారుతూనే అతను 2022లోనూ 2024లోనూ మాస్టర్స్ టోర్నీ గెలిచాడు. అందుకని ఆ కాళ్ల పని కాపీ కొట్టమని కాదు. అంత వేగంలో బంతి దగ్గర ఫేస్‌ను, అంటే బంతికి తగిలే క్లబ్ ముఖాన్ని, అదుపులో పెట్టుకోగల చేతులు అతనికి ఉన్నాయి.

పూర్తి ఫినిష్, కురచ ఫినిష్

ప్రో ఆటగాడు టామీ ఫ్లీట్‌వుడ్ ఐరన్ షాట్ చూసి ‘నేనూ ఇలాగే సగంలో ఆపేస్తాను కదా’ అనుకునేవాళ్లున్నారు. ఆ పోలిక నిలవదు. ఫ్లీట్‌వుడ్ చేతులు ఛాతీ, భుజాల ఎత్తులో ఆగిపోతాయి, నిజమే. అప్పటికి అతని ఛాతీ, బెల్ట్ పూర్తిగా టార్గెట్‌ను చూస్తుంటాయి. చేతులే తక్కువ దూరం వెళ్లాయి, శరీరం మాత్రం పని మొత్తం పూర్తిచేసింది. మన కురచ ఫినిష్‌లో జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. శరీరం బంతి దగ్గరే ఆగిపోతుంది, చేతులు ఒంటరిగా కొంత దూరం వెళ్లి ఇరుక్కుంటాయి. రెండు స్వింగ్‌లనూ పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు చేతుల వైపు చూడకండి, బెల్ట్ బకిల్ చూడండి. ఎవరిది కావాలని ఆపిన ఫినిష్, ఎవరిది ఆగిపోయిన ఫినిష్ అన్నది వెంటనే తెలిసిపోతుంది.

కురచ ఫినిష్ ఎవరికి పనికొస్తుందంటే: ఎదురుగాలిలో బంతిని తక్కువ ఎత్తులో కొట్టాలనుకునేవాళ్లకు, భుజాలు బిగుసుకుపోయి చేతులు తల దాకా లేవని పెద్దవాళ్లకు, ఇప్పటికే శరీరం బాగా తిప్పగలిగి బంతి ఎత్తును అదుపు చేయాలనుకునేవాళ్లకు. మిగిలినవాళ్లు పూర్తి ఫినిష్‌తోనే మొదలుపెట్టాలి. ముఖ్యంగా కొత్తగా నేర్చుకునేవాళ్లు. పూర్తిగా తిరగడం వచ్చినవాడికి కురచగా ఆపడం పెద్ద కష్టం కాదు. ఆగిపోవడం అలవాటైనవాడికి తిరగడం నేర్పాలంటే నెలలు పడుతుంది.

ఆర్నాల్డ్ పామర్‌లా క్లబ్‌ను తల మీద హెలికాప్టర్ రెక్కలా తిప్పే ఫినిష్ చూడ్డానికి సరదాగా ఉంటుంది. బంతి ఎడమకు వంగిపోకుండా, అంటే హుక్ కాకుండా, ఫేస్‌ను పట్టి ఉంచే ఆటలోంచి వచ్చింది అది. బలమైన చేతులతో హుక్ కొట్టే సమస్య ఉన్నవాళ్లకు ఆ ఎత్తైన ఫినిష్ కొంత ఉపయోగపడుతుంది. బంతి కుడికి వంగిపోయే స్లైస్ కొట్టేవాళ్లు దాని జోలికి వెళ్లకూడదు, ఉన్న స్లైస్ ఇంకా ముదురుతుంది.

నిటారు, పూర్తి ఫినిష్ ఎలా ఉంటుందో ఒక్క ఫొటోలో చూడాలంటే 1950 యూఎస్ ఓపెన్‌లో మెరియన్ కోర్సు పద్దెనిమిదో హోల్ దగ్గర ఫొటోగ్రాఫర్ హై పెస్కిన్ తీసిన బెన్ హోగన్ ఫొటో చూడండి. వెనక నుంచి తీసిన ఫొటో అది. హోగన్ ఎడమ కాలి మీద నిలబడి ఉన్నాడు, కుడి కాలు వేళ్ల మీద ఉంది, దూరంగా గ్రీన్ చుట్టూ జనం. అంతకు పదహారు నెలల ముందే కారు ప్రమాదంలో చావు దాకా వెళ్లొచ్చిన మనిషి. కాళ్ల నొప్పులతోనే ఆ రోజు ముప్పై ఆరు హోల్స్ ఆడి, మర్నాడు సమంగా నిలిచినవాళ్ల మధ్య జరిగిన ప్లేఆఫ్ గెలిచాడు. ఒంట్లో శక్తి లేని రోజున కూడా ఆ బ్యాలెన్స్ చెదరలేదంటే, ఫినిష్‌కు కావాల్సింది కండ బలం కాదన్నమాట.

మీ ఫినిష్ ఏం చెబుతోంది

డ్రిల్ ఎంచుకునే ముందు మీరు ఎటు తూలుతున్నారో తెలుసుకోవాలి. ఫోన్‌ను ఛాతీ ఎత్తులో ఎదురుగా పెట్టి స్లో మోషన్‌లో కొన్ని స్వింగ్‌లు తీసుకోండి, ఇంకొన్ని మీ వెనక నుంచి, టార్గెట్ వైపు చూస్తున్నట్టుగా తీసుకోండి. ఆపి చూడాల్సినవి రెండే చోట్లు: ఇంపాక్ట్ అయ్యాక చేతులు నడుము ఎత్తుకు వచ్చిన చోటు, అన్నీ ఆగిపోయిన చోటు.

బరువు కుడి కాలి మీదే ఉండిపోయి వెనక్కి తూలుతుంటే, మీరు బంతిని గాల్లోకి ఎత్తడానికి ప్రయత్నిస్తున్నారు. ఆ పని క్లబ్ లాఫ్ట్‌ది, అంటే దాని ముఖం వాలుది, మీది కాదు. క్లబ్ బంతి పైభాగానికి తగలడం, లేదా బంతికి ముందే నేలను తవ్వడం, రెండూ ఇక్కడి నుంచే వస్తాయి. కాలి వేళ్ల మీదికి, అంటే బంతి వైపు తూలుతుంటే, డౌన్‌స్వింగ్‌లో, అంటే క్లబ్‌ను బంతి మీదికి దించేటప్పుడు, భుజాలు ముందుగా దూకి క్లబ్‌ను బయటికి విసురుతున్నారన్నమాట. బంతికి మరీ దూరంగా నిలబడినా ఇలాగే అవుతుంది. మడమల మీదికి తూలేవాళ్లు తక్కువ. వాళ్లు ముందు బంతికి మరీ దగ్గరగా నిలబడుతున్నారేమో చూసుకోవాలి.

ఇక చికెన్ వింగ్. ఇంపాక్ట్ అయిన వెంటనే ఎడమ మోచేయి వంగి బయటికి పొడుచుకొస్తుంది. దీని మీద జనానికి ఉన్నంత టెన్షన్ ఇంకే తప్పు మీదా లేదు, దాన్ని సరిచేసే తీరు కూడా అంతే తప్పుగా ఉంటుంది. చేతిని కర్రలా బిగించి నిటారుగా ఉంచాలని చూస్తారు. మోచేయి వంగడం రోగం కాదు, లక్షణం. శరీరం తిరగడం ఆగిపోతే చేతులకు వెళ్లే చోటు ఉండదు, అందుకే మడుచుకుంటాయి. లేదా ఫేస్ తెరుచుకుని వస్తోందని చేతులకు తెలిసి, బంతిని తిన్నగా పంపడానికి లోపలికి లాక్కుంటాయి. మొదటిదైతే తిరగడం నేర్చుకోవాలి. రెండోదైతే గ్రిప్ (క్లబ్‌ను పట్టుకునే తీరు) మార్చాలి, ఎడమ చేతి పిడికిలి కణుపులు రెండు మూడు పైనుంచి కనిపించేలా. జోర్డన్ స్పీత్‌కు ఎడమ మోచేయి స్పష్టంగా వంగుతుంది, అయినా మేజర్లనే పెద్ద టోర్నీలు మూడు గెలిచాడు. అతని శరీరం ఎక్కడా ఆగదు, అదీ తేడా.

ఇక్కడే ఇంకో మాట. బంతి బయలుదేరే దిశను చాలావరకు క్లబ్‌ఫేస్ నిర్ణయిస్తుంది. ఫేస్‌కూ స్వింగ్ వెళ్లే దారికీ ఉన్న తేడా దాని వంపును నిర్ణయిస్తుంది. మీ ఫినిష్ చక్కగా నిలబడి ఉన్నా బంతి ప్రతిసారీ కుడికి వంగుతుంటే ఫినిష్ డ్రిల్స్ మీద సమయం పెట్టకండి. గ్రిప్ దగ్గరికి వెళ్లండి.

ఏ డ్రిల్ ఎంచుకోవాలి

వెనక్కి తూలేవాళ్లకు నడిచే డ్రిల్‌ను మించింది లేదు. మామూలుగా కొట్టి, ఇంపాక్ట్ అయ్యాక కుడి కాలిని టార్గెట్ వైపు ఒక అడుగు వేయడం, అంతే. గ్యారీ ప్లేయర్ పోటీల్లోనే ఇలా నడుచుకుంటూ వెళ్లిపోయేవాడు. ఇందులో మోసం చేయడానికి వీల్లేదు. బరువు వెనక ఉంటే అడుగు పడదు. తొమ్మిదో ఐరన్‌తో, సగం వేగంతో మొదలుపెట్టండి. ఒక్క డ్రిల్ మాత్రమే చెప్పమంటే, ఎదుటివాళ్ల స్వింగ్ చూడకుండానే నేను దీన్నే చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది సమస్య ఇదే, పైగా నడుముకు కూడా హాని లేదు.

వేళ్ల మీదికి తూలేవాళ్లకు, బలమంతా పెట్టి బాదేవాళ్లకు పాదాలు దగ్గరగా పెట్టి కొట్టడం మేలు. పాదాల మధ్య పిడికెడు ఎడం కూడా ఉండకూడదు. భుజాలు తొందరపడిన మరుక్షణం ఒళ్లు తూలుతుంది, ఎవరూ చెప్పనక్కర్లేదు. దీని లోపం ఒకటుంది: బరువు ఎడమకు మారడం ఇది నేర్పదు. వెనక్కి తూలేవాళ్లు దీన్ని చేస్తే బ్యాలెన్స్ బాగుందనిపిస్తుంది, కానీ మామూలుగా నిలబడగానే పాత తప్పు తిరిగొస్తుంది.

చికెన్ వింగ్‌కు సగం స్వింగ్. వెనక నడుము ఎత్తు నుంచి ముందు నడుము ఎత్తు దాకా, క్లబ్ కర్ర రెండు వైపులా నేలకు సమాంతరంగా ఆగాలి. ఆ ముందు చోట రెండు చేతులూ చాపి, ఛాతీ టార్గెట్ వైపు తిరుగుతూ ఉండాలి. ఎడమ చంకలో చిన్న తువ్వాలు పెట్టుకుంటే మంచిది, మోచేయి బయటికి పోతే అది కింద పడుతుంది. విసుగు పుట్టించే డ్రిల్ ఇది. బంతి ఎక్కువ దూరం వెళ్లదు కాబట్టి రేంజ్‌లో పక్కవాళ్ల ముందు చేయడానికి సిగ్గుపడి చాలామంది మానేస్తారు.

బంతి దగ్గర బ్రేక్ వేసేవాళ్లు డ్రైవర్‌ను (అన్నిటికంటే పొడవైన క్లబ్‌ను) తలకిందులు చేసి, క్లబ్ తల దగ్గర పట్టుకుని గాల్లో తిప్పాలి. వచ్చే చప్పుడు బంతి ఉండే చోట, ఇంకా చెప్పాలంటే దాన్ని దాటాక, గట్టిగా వినిపించాలి. భుజం దగ్గరే వినిపిస్తే వేగం ముందే అయిపోయిందన్నమాట.

మిగిలింది అందరూ చెప్పేది: ముందు ఫినిష్ భంగిమలో నిలబడి, ఆ తర్వాత నెమ్మదిగా స్వింగ్ చేసి అక్కడికి చేరుకోవడం, బంతి కింద పడేదాకా కదలకుండా ఉండటం. కొత్తవాళ్లకు ఇది చాలా మంచిది. ఆడుతున్నవాళ్లలో మాత్రం ఒక దొంగ అలవాటుకు దారితీస్తుంది. కొట్టేది పాత పద్ధతిలోనే కొట్టి, ఆ తర్వాత కాళ్లు సర్దుకుని ఫొటోకి నిలబడ్డట్టు నిలబడతారు. వీడియోలో కొట్టడానికీ నిలబడటానికీ మధ్య చిన్న ఆగుడు కనిపిస్తే మీరు చేస్తున్నది అదే. అప్పుడు దీన్ని వదిలేసి నడిచే డ్రిల్‌కు మారండి.

ఒకేసారి రెండు డ్రిల్స్ వద్దు. ఒకటి పట్టుకుని, మూడు నాలుగు బంతులకోసారి మామూలు స్వింగ్ చేసి చూసుకుంటూ పోవాలి. కొన్ని వారాలు చేసినా వీడియోలో బెల్ట్ బకిల్ ఇంకా బంతి వైపే చూస్తుంటే డ్రిల్ తప్పు కాకపోవచ్చు. తప్పు క్లబ్‌ను వెనక్కి ఎత్తే బ్యాక్‌స్వింగ్‌లోనో నిలబడే తీరులోనో ఉండొచ్చు. కోచ్ దగ్గరికి వెళ్లాల్సింది అప్పుడు. నొప్పి ఉంటే మాత్రం మొదటి రోజే వెళ్లాలి, తగ్గని నొప్పికైతే కోచ్ కంటే ముందు డాక్టర్. బరువైన స్టిక్‌లు, వంగే కర్రలు, బ్యాలెన్స్ పలకల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తువ్వాలు, ఫోన్ ఉంటే ఇంట్లో పనైపోతుంది.

కోర్సు మీద

రేంజ్‌లో కుదిరిన ఫినిష్‌ను కోర్సు మీద ప్రతి షాట్‌కూ ఆశించకూడదు. రఫ్‌లో పెరిగిన పొడవాటి గడ్డి క్లబ్‌ను పట్టేస్తుంది, అక్కడ ఫినిష్ కురచగానే అవుతుంది. ఎత్తుకు ఎక్కే వాలు మీద బరువు కొంచెం వెనకే ఉండిపోతుంది, దిగే వాలు మీద కాలు దానంతటదే ముందుకు పడుతుంది. ఇవి తప్పులు కావు. వెడ్జ్ అనే ఎక్కువ వాలున్న క్లబ్‌తో చిన్న పిచ్ (దగ్గరి దూరానికి ఎత్తుగా కొట్టే షాట్) కొట్టేటప్పుడు ఫినిష్ పొడవు దూరానికి తగినంతే ఉండాలి, కానీ ఛాతీ తిరగడం అక్కడ కూడా ఆగకూడదు.

రౌండ్ మధ్యలో గురి సరిచూసుకునే అలైన్‌మెంట్ కర్రతోనో, క్లబ్‌కు బరువు రింగ్ తొడిగో ప్రాక్టీస్ స్వింగ్ చేయడానికి గోల్ఫ్ నియమావళిలోని రూల్ 4.3 ఒప్పుకోదు. మొదటిసారికి జనరల్ పెనాల్టీ (స్ట్రోక్ ప్లేలో రెండు స్ట్రోకులు, మ్యాచ్ ప్లేలో ఆ హోల్ పోగొట్టుకోవడం), రెండోసారికి డిస్‌క్వాలిఫై. మామూలు క్లబ్‌తో ఆట ఆలస్యం కాకుండా చేసుకునే ప్రాక్టీస్ స్వింగ్‌కు అడ్డేమీ లేదు. దాన్ని బంతి దగ్గర ఆపేయకుండా, కుడి మడమ లేచి బెల్ట్ టార్గెట్‌ను చూసేదాకా తిప్పండి.